బ్రతుకు తెరువు: ఇళ్ళకు వైరింగు పని

రేపల్లె దగ్గర ఒక పల్లెటూరి నుంచి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. ఆమె పెద్దకొడుక్కి పదహారేళ్ళు. పదో తరగతి ప్యాసైనాడు. మార్కులు గొప్పగానూ లేవు, తీసిపారేసేట్టూ లేవు. తండ్రి లేడు. ఉన్న ముప్పాతిక ఎకరమూ కౌలుకిచ్చారు. ఆమె తమ్ముడు హైదరాబాదులో అపార్టుమెంట్లకు వైరింగు చేయించే మేస్త్రీ. "అక్కయ్యా, వాణ్ణి నాతో పంపించు. రోజుకు ఐదువందలిస్తాను. ఏడాది తిరిగేసరికి పనంతా వాడి చేతిలో ఉంటుంది. ఐటిఐలో కూచుని రెండేళ్ళు పాడుచేసుకోవడం ఎందుకు?" అంటున్నాడట. కుర్రాడికీ వెళ్ళాలనే ఉన్నది. "తమ్ముడి మాట కాదనలేను, అలాగని వాడి బ్రతుకు తొందరపడి పాడుచేయలేను. అసలీ కరెంటు పనికి ముందు ముందు గిరాకీ ఉంటుందా? చదివి వెళ్ళాలా, వెళ్ళి నేర్చుకోవాలా?" అని ఆమె అడిగారు.

ఇటువంటి ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటే, ఉత్తరం వ్రాసినవారికి అన్యాయం చేసినట్టే. పైగా ఇదే సందేహం ఇంకా చాలామంది ఇళ్ళలో ఉన్నది. అందుచేత ఈ వారం ఈ పని సంగతే సాకల్యంగా చూద్దాం.

గిరాకీ మాట

మాచ్‌ఖండ్ విద్యుత్తు 1955లో వచ్చింది. ఆ రోజుల్లో ఇంటికి కరెంటు పెట్టించడమంటే నాలుగు దీపాలు, మహా అయితే ఒక ఫ్యాను, కలవారింట ఒక రేడియో. గోడమీద కొయ్యబద్ద కొట్టి, దానిమీద వైరు పరచి, క్లిప్పులు బిగిస్తే పని అయిపోయేది. ఇవాళ ఒక మధ్యతరగతి ఇంట్లోకి తొంగి చూడండి. ఏ.సి., గీజరు, వాషింగు మెషీను, ఫ్రిజ్, మిక్సీ, నీళ్ళ మోటారు, ఇన్వర్టరు, గదికి నాలుగు ప్లగ్గులు; వాకిట్లో కరెంటుతో నడిచే స్కూటరుంటే దానికొకటి. ఇల్లు అంతే ఉన్నది, ఇంట్లో పాయింట్లు మాత్రం పదింతలైనాయి. పాయింట్లు పెరిగితే పని పెరిగినట్టే గదా!

ఇది కొత్త ఇళ్ళ సంగతి. పాత ఇళ్ళ సంగతి ఇంకా పెద్దది. ముప్పై నలభై ఏళ్ళ క్రితం వేసిన వైర్లు ఆనాటి నాలుగు దీపాలకు వేసినవి. వాటిమీద ఇవాళ ఒకే వేళ ఒకటిన్నర టన్నుల ఏ.సి. 1,500 వాట్లు, గీజరు 2,000, ఇస్త్రీపెట్టె 1,000, మోటారు 750 వాట్లు వాడారనుకోండి. మొత్తం 5,250 వాట్లు. 230 వోల్టుల మీద అది దాదాపు 23 ఆంపియర్ల కరెంటు. వైరులో పారే కరెంటు రెట్టింపైతే దాని వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఆ పాత వైరు గోడలోపల మగ్గిపోతూ ఉంటుంది. బయటికి ఏమీ కనబడదు. ఇటువంటి ఇళ్ళకు వైరింగు మార్చడమే ఒక పెద్ద వృత్తి. కొత్త కట్టడాలు ఆగినా ఈ పని ఆగదు.

ఇక మూడవది, ఇంటికప్పుల మీద సూర్యరశ్మితో కరెంటు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకం కోటి ఇళ్ళను ఉద్దేశించింది. మూడు కిలోవాట్లు, ఆ పైన పెట్టుకునే ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ. ఆ పలకలను కప్పుమీద ఎండకు ఎదురుగా బిగించి, ఇన్వర్టరుకు కలిపి, ఎర్తు వేసి, మీటరుదాకా తెచ్చేది ఈ పనివాడే. ఐటిఐలో ఎలక్ట్రీషియనో వైర్‌మనో ప్యాసైన వారికి ఈ పనిలో "సూర్యమిత్ర" అనే ప్రత్యేక శిక్షణ కూడా ఉన్నది.

యంత్రాలే లెక్కలు కట్టి, ఉత్తరాలు వ్రాసిపెట్టే రోజులు వచ్చినాయి; రేపు ఈ పనికీ యంత్రం వస్తుందేమోనని కొందరి భయం. ఏ రెండిళ్ళ గోడలూ ఒక్కలాగ ఉండవు. వంకర పైపులో ఇరుక్కున్న వైరును ఎక్కడ పట్టుకుని లాగాలో చేతికి తెలియాలిగాని కాగితానికి తెలియదు. ఆ భయం పెట్టుకోనక్కరలేదు.

కనుక గిరాకీ ఉన్నదా అంటే, ఉన్నది. కాని గిరాకీ ఉండటం వేరు, ఏడాది పొడుగునా చేతినిండా పని ఉండటం వేరు. అసలు చిక్కంతా అక్కడే.

పని ఎప్పుడుంటుంది, ఎప్పుడుండదు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు. ఇల్లు కట్టేవాడి కష్టం ఇంటివాడికి తెలుసు. వైరింగువాడి కష్టం ఎక్కడున్నదో అతనికి కూడా సరిగ్గా తెలియదు. వైరింగు పని ఒక్క ఊపున జరిగేది కాదు. స్లాబు వేసే ముందు, కంబి అల్లిక పూర్తికాగానే, పైపులు పరచి ఫ్యాను పెట్టెలు బిగించాలి. అది ఒకటి రెండు రోజుల పని. మర్నాడు కాంక్రీటు పడిందంటే ఇహ ఆ ఇంట్లో వైరింగువాడికి కొన్నాళ్ళదాకా పనిలేదు. గోడలు లేచిన తరువాత గాడి కొట్టి పైపులు, బోర్డు పెట్టెలు పెట్టాలి. మళ్ళీ ఖాళీ, ప్లాస్టరింగు జరగాలి. ఆ తరువాత పైపుల్లో స్ప్రింగు దూర్చి వైర్లు లాగాలి. మళ్ళీ ఖాళీ, రంగులు వేయాలి. చివర స్విచ్చిబోర్డులు, డి.బి., దీపాలు, ఫ్యాన్లు బిగించి, పరీక్ష చేసి అప్పగించాలి.

ఇలా ఒక్కొక్క ఇంటికి నాలుగైదుసార్లు వెళ్ళివస్తాడు. మధ్య రోజులు నిండాలంటే నాలుగు చోట్ల పని చేతిలో ఉండాలి. మేస్త్రీకి ఉంటాయి. అతని క్రింద పనిచేసే కుర్రాడికి మేస్త్రీ పిలిచిన రోజే పని.

ఇప్పుడు రోజుకు ఐదువందల లెక్క చూడండి. నెలకు 26 రోజులు దొరికితే 13,000. దొరికింది 17 రోజులే అయితే 8,500. హైదరాబాదులో అద్దె, తిండి, దారిఖర్చు ఈ రెంటికీ ఒక్కటే. అందుచేత ఎవరైనా "రోజుకు ఇంత" అన్నప్పుడు, "నెలకు ఎన్ని రోజులు? పనిలేని రోజున సంగతేమిటి? డబ్బు వారానికిస్తారా, బిల్డరు ఇచ్చినప్పుడు ఇస్తారా?" అని అడిగి తీరాలి. మేనమామను అడగడానికి మొహమాటపడనక్కరలేదు. బిల్డరు డబ్బు నిలిపితే మేస్త్రీ చేతులు కట్టుబడిపోతాయి; కావలసినవాడైనా తన జేబులోంచి ఎన్నాళ్ళిస్తాడు?

కట్టడాల పని ఒక్కసారిగా ఎలా ఆగిపోతుందో మన కళ్ళ ముందే చూశాం. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగింది. ఎక్కడెక్కడివారో పనులకు వచ్చారు. 2019లో ప్రభుత్వం మారిన తరువాత ఆ పనులు నిలిచిపోయినాయి. తిరిగి 2025 మే నెలలో ప్రారంభమైనాయి. ఆ మధ్య ఏళ్ళలో ఒక్క రాజధానినే నమ్ముకున్న పనివాడి గతేమిటి? 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దేశమంతటా ఇదే జరిగింది. అటువంటప్పుడు ముందుగా ఒడ్డెక్కేది రెండు మూడు రకాల పనులు చేయగలవాడు. కొత్త ఇంటికి వైరింగే కాక, పాతింటి రిపేరు, మోటారు వైండింగు, ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు కూడా తెలిసినవాడు. పైపులు పరచడం, వైరు లాగడం మాత్రమే వచ్చినవాడు కట్టడంతోపాటే ఆగిపోతాడు.

కాగితం విలువ

"పని వస్తే చాలదా, కాగితమెందుకు?" అని ఆ తమ్ముడుగారి వాదన. చాలా పనులకు ఆ మాట సరిపోతుంది. దీనికి సరిపోదు. ఎందుకంటే ఇది చట్టం చేయిపెట్టిన పని. బల్బు, ఫ్యూజు, స్విచ్చి వంటివి మార్చుకోవడం ఎవరైనా చేయవచ్చు. అంతకుమించి ఏ ఇంట్లోనైనా కొత్తగా వైరింగు చేయాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా, మార్చాలన్నా మూడు కావాలి: ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, అర్హతపత్రం ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణ, పర్మిట్టు ఉన్న పనివాడు. 1956 నాటి విద్యుత్ నియమాలలోనూ ఈ సంగతి ఉన్నది. 2003 చట్టం క్రింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారు చేసిన నిబంధనలలోనూ ఉన్నది. పర్మిట్టు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వపు విద్యుత్ తనిఖీ శాఖవైపు నుంచి. మీటరు బిగించే కంపెనీవారు కారు.

ఊళ్ళో చిన్నచిన్న ఇళ్ళకు ఈ నిబంధన ఎవరూ చూడటం లేదనేది నిజమే. చూడనంత కాలం గడిచిపోతుంది. కాని పెద్ద బిల్డరు, ఆసుపత్రి, ఫ్యాక్టరీ, ప్రభుత్వ కట్టడం, ఇవన్నీ కాగితం అడుగుతాయి. ప్రమాదం జరిగిన రోజున పోలీసులూ అడుగుతారు. పర్మిట్టు లేనివాడు ఎంత గొప్ప పనివాడైనా మరొకరి లైసెన్సు నీడనే బ్రతకాలి. పని ఇతనిది, సంతకం ఇంకొకరిది. లాభంలో పెద్ద భాగం సంతకానిదే.

దీనికి రాచబాట ఐటిఐ. 1950 నుంచి దేశంలో నడుస్తున్న శిక్షణ పథకమే ఇది. ఎలక్ట్రీషియన్ కోర్సుకు పదో తరగతి ప్యాసవాలి, రెండేళ్ళు. వైర్‌మన్ కోర్సు కూడా రెండేళ్ళే. దానికి ఎనిమిదో తరగతి చాలు. పది ప్యాసైన కుర్రాడు ఎలక్ట్రీషియన్‌లో చేరడమే మంచిది. దాని పరిధి పెద్దది. ఇళ్ళ వైరింగుతోపాటు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ప్యానెల్ బోర్డులు కూడా నేర్పుతారు. రైల్వేలో అసిస్టెంటు లోకోపైలట్ ఉద్యోగానికి, విద్యుత్ సంస్థలలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి ఆ ధ్రువపత్రం పనికివస్తుంది. అవి కొద్ది ఉద్యోగాలు, పోటీ విపరీతం. వాటిమీదే ఆశ పెట్టుకు కూర్చోకూడదు. తలుపు మూసుకుపోకుండా ఉంటుంది, అంతవరకే. మంచి మార్కులు వస్తే పాలిటెక్నిక్ డిప్లొమా రెండవ సంవత్సరంలో చేరే దారి కూడా ఉన్నది. అక్కడినుంచి సూపర్‌వైజరు కావచ్చు.

ఐటిఐ తరువాత ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేరడం మరచిపోకూడదు. 1961 నాటి చట్టం ప్రకారం అప్రెంటిస్‌కు నెలనెలా భృతి ఇచ్చి తీరాలి. చివర పరీక్ష, దానికి వేరే ధ్రువపత్రం. ఆ ఏడాదిలో నేర్చుకునేది రెండేళ్ళ తరగతుల కంటె ఎక్కువని చాలామంది పనివాళ్ళ అనుభవం.

ఒక హెచ్చరిక. ఐటిఐలన్నీ ఒక్కటి కావు. మూడు గదులు, ఒక బోర్డు తగిలించి ఫీజులు వసూలు చేసేవీ ఉన్నాయి. చేరేముందు కుర్రాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళి వర్క్‌షాపు చూపించమనండి. విప్పి బిగించడానికి మోటార్లున్నాయా? మెగ్గరు, ఎర్తు టెస్టరు ఉన్నాయా? వాటిమీద దుమ్ము ఉన్నదా, చేతిమరకలున్నాయా? దుమ్ముంటే వాటిని ఎవరూ ముట్టడం లేదన్నమాట. కేంద్రపు గుర్తింపు ఉన్నదో లేదో, పరీక్ష అఖిల భారత స్థాయిదో కాదో కనుక్కోండి. దగ్గరలో ప్రభుత్వ ఐటిఐ ఉంటే దానికే మొదట దరఖాస్తు పెట్టండి, ఫీజు తక్కువ. ఉపకార వేతనాల సంగతి ప్రిన్సిపాలుగారినే అడగవచ్చు.

పదహారు నుంచి పద్ధెనిమిది దాకా

ఇప్పుడు ఆ తల్లిగారు గమనించవలసిన అసలు విషయం. కట్టడాల పనివారికి ఒక సంక్షేమ నిధి ఉన్నది. కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి చొప్పున సెస్సు వసూలుచేసి, దానితో నడిపే నిధి. పనిలో చేరి పేరు నమోదు చేయించుకున్నవారికి ప్రమాదం జరిగినా, ప్రాణం పోయినా, పిల్లల చదువులకూ, ప్రసవాలకూ దానినుంచి సాయం అందుతుంది. మట్టి మోసేవారికి మాత్రమే అనుకుంటారు చాలామంది. వైరింగు పనివారూ ఇందులోకి వస్తారు. 1996 చట్టంతో వచ్చిన ఈ ఏర్పాటు, 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయినా, ముఖ్య నియమాలు మారలేదు. గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసి ఉండాలి; వయస్సు పద్ధెనిమిది నిండాలి, అరవై నిండకూడదు.

పద్ధెనిమిది నిండాలి! అంటే ఇవాళ పదహారేళ్ళ కుర్రాడు హైదరాబాదు వెళ్ళి ఎంత కష్టపడినా, రెండేళ్ళపాటు ఏ పుస్తకంలోనూ అతని పేరుండదు. నిచ్చెనమీంచి పడితే అడిగే దిక్కు మేనమామ తప్ప మరొకరు లేరు. ఏ రెండేళ్ళు పని జాబితాలో లెక్కకు రావో, ఐటిఐకి పట్టేది సరిగ్గా ఆ రెండేళ్ళే. పద్ధెనిమిది నిండేనాటికి చేతిలో ధ్రువపత్రంతో బయటికి వస్తాడు. ఆనాటినుంచి చేసే ప్రతిరోజూ లెక్కలోకి వస్తుంది.

పోయే డబ్బు మాట మేము తేలికగా తీసుకోవడం లేదు. నెలకు 8,500 చొప్పున రెండేళ్ళకు రెండు లక్షల పైచిలుకు. అందులో పట్నం ఖర్చులు పోగా ఇంటికి చేరేది సగముంటే గొప్ప. అయినా తండ్రిలేని ఇంటికి అది చిన్న మొత్తం కాదు. దానిని నలభై ఏళ్ళ సంపాదనతో పోల్చి చూసుకోవాలి. హెల్పరుగా మొదలైనవాడు చాలాకాలం హెల్పరుగానే ఉండిపోవడం మేము ఎరుగుదుము. పర్మిట్టు ఉన్నవాడు ఎప్పటికైనా సొంతంగా కాంట్రాక్టు పట్టగలడు.

ప్రాణంతో పని

ఇంకొక కారణం ఉన్నది. అన్నిటికంటె ముందు చెప్పవలసినదే. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం ఇటీవలి సంవత్సరాలలో మన దేశంలో ఏటా పదివేలమందికి పైగా కరెంటు తగిలి చనిపోతున్నారు. వారంతా పనివాళ్ళు కారు. కాని ఈ పనిలో ఉన్నవాడు రోజూ ఆ అంచునే నడుస్తాడు.

కట్టడాల దగ్గర అసలు యముడు గోడలోపలి వైరు కాదు. తాత్కాలికంగా లాగిన వైరు. పది చోట్ల అతుకులు, ఆ అతుకులకు చిరిగిన టేపు, క్రింద గోడలు తడిపిన నీళ్ళు. గాడి కొట్టే కట్టరుకు ప్లగ్గు ఉండదు. వైరు కొసలు రెండూ సాకెట్టు రంధ్రాలలో దూర్చి అగ్గిపుల్లలు బిగిస్తారు. పాత మేస్త్రీలు కొందరు దీన్ని ధైర్యమనుకుంటారు. కుర్రాళ్ళు వారిని చూసి నేర్చుకుంటారు.

బడిలో మొదట నేర్పేది దీనికి విరుద్ధం. మెయిన్ ఆపకుండా వైరు ముట్టవద్దు. ఆపిన తరువాత కూడా టెస్టరు పెట్టి చూడు. టెస్టరును కూడా ముందు కరెంటున్న చోట పెట్టి, అది వెలుగుతున్నదో లేదో చూసి, ఆ తరువాతే నమ్ము. ఎర్తు వైరు లేకుండా ఏ ప్లగ్గూ బిగించవద్దు. దీపాలకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, పవర్ ప్లగ్గులకు రెండున్నర, ఏ.సి.కి, గీజరుకు నాలుగు. ఇంటాయన పిసినారితనం చేసినా ఇందులో తగ్గవద్దు. ఎమ్.సి.బి. వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి.: వెళ్ళిన కరెంటు తిరిగి వస్తున్నదా లేదా అని కనిపెట్టి, 30 మిల్లీ ఆంపియర్లు ఎటో కారిపోతున్నాయనగానే ఠక్కున ఆపేస్తుంది. ఎందుకు ఆపుతుందో తెలిసినవాడు దాన్ని తప్పించి కలపడు. తెలియనివాడు "మాటిమాటికీ పడిపోతున్నది" అని తీసిపారేస్తాడు. ఆ ఇంట్లో ఏదో ఒకనాడు పసిపిల్లో, ఇల్లాలో గీజరు కుళాయి పట్టుకుంటుంది.

చేతిపని చూసి నేర్చుకోవచ్చు. కారణం ఎవరో చెబితేగాని తెలియదు. ఆ రెండేళ్ళు కారణాలు తెలుసుకోవడానికి.

మా సలహా

కుర్రాణ్ణి ఎలక్ట్రీషియన్ కోర్సులో చేర్చండి. తమ్ముడుగారిని దూరం చేసుకోవద్దు; అతని సాయమే రేపు పెద్ద బలం. "తమ్ముడూ, వాణ్ణి నీకు హెల్పరుగా పంపలేను. రెండేళ్ళాగు, పర్మిట్టు తెచ్చుకునే మనిషిగా చేసి పంపిస్తాను. అప్పుడు మరొకరి సంతకం కోసం నువ్వు తిరగనక్కరలేదు" అని చెప్పండి. అనుభవమున్న మేనమామ, అర్హత ఉన్న మేనల్లుడు కలిస్తే రేపొక సొంత సంస్థ అవుతుంది. అతను తెలివైనవాడైతే ఈ మాటలోని లాభం వెంటనే గ్రహిస్తాడు.

సెలవుల్లో పదిరోజులు హైదరాబాదు పంపించండి. కూలికి కాదు, చూసి రావడానికి. ఎండలో స్లాబుమీద కూర్చుని పైపులు వంచడం చూశాక కూడా ఇష్టం తగ్గకపోతే, ఆ ఇష్టం నిజమైనదే.

ఇంటి పరిస్థితి బొత్తిగా కుదరక చదువు సాధ్యం కాకపోతే, పద్ధెనిమిది నిండిన తరువాత చిన్న కోర్సులున్నాయి. హైదరాబాదులో 1998లో స్థాపించిన జాతీయ నిర్మాణ అకాడమీ ఇళ్ళ వైరింగులో శిక్షణ ఇస్తుంది. పనిలోనే నేర్చుకున్నవారి నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటూ ప్రభుత్వానికి ఉన్నది. ఇవి ఐటిఐకి సాటి రావు. ఏమీ లేనిదానికంటె ఎంతో నయం.

మరికొన్ని జవాబులు

జగిత్యాల పాఠకులొకరు: "వైరింగు పని వచ్చు. గల్ఫు వెళ్ళవచ్చునా?"

వెళ్ళవచ్చును, వెళ్ళేముందు నాలుగు సంగతులు చూసుకోండి. వీసా మీదా, ఒప్పందం మీదా ఎలక్ట్రీషియన్ అని ఉండాలి. "లేబరు" అని ఉంటే అక్కడ మీకు దొరికేది ఆ జీతమే. విజిటు వీసా మీద పనికి వెళ్ళకండి. ఏజెంటుకు విదేశాంగశాఖ రిజిస్ట్రేషన్ ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్‌లో చూసుకోండి. సర్వీసు ఛార్జీగా 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదని 2017లో నిర్ణయించారు. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఇటువంటి ఉద్యోగాలకు పంపుతుంటాయి. ముందు అక్కడ విచారించండి. పొలం తాకట్టు పెట్టి ఎవరికీ ముందుగా డబ్బు కట్టవద్దు.

ఏలూరు సోదరి ఒకరు: "మా అమ్మాయి ఈ కోర్సులో చేరతానంటున్నది. ఆడపిల్ల చేయగల పనేనా?"

నిక్షేపంగా చేయగలదు. నియమాలలో ఎక్కడా అడ్డు లేదు. వైరు కలపడానికి కావలసినది ఓపిక, శుభ్రత, బండబలం కాదు. ప్యానెల్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలు, సోలార్ కంపెనీలు, ఆసుపత్రుల మెయింటెనెన్సు విభాగాలు ఆమెకు అనువైన చోట్లు. పగటిపూట ఒంటరిగా ఉండే ఇల్లాళ్ళు రిపేరుకు వచ్చే మనిషి ఆడమనిషైతే బాగుండునని ఎన్నిసార్లు అనుకుంటారో! ఇబ్బందల్లా కట్టడాల దగ్గర మరుగుదొడ్లు సరిగా ఉండకపోవడం. అవి ఏర్పాటు చేయడం యజమాని విధి, అడిగి సాధించుకోవలసినదే.

వరంగల్లు మేస్త్రీ ఒకరు: "పి.ఎం. విశ్వకర్మ పథకంలో మాకు అప్పు దొరుకుతుందా?"

2023లో ప్రారంభమైన ఆ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. తాపీపని, వడ్రంగం ఉన్నాయిగాని వైరింగు పని లేదు. ఉన్నదని చెప్పి దరఖాస్తుకు డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. పనిముట్లకోసం అయితే బ్యాంకులో ముద్ర రుణం అడగండి. శిశు తరగతిలో 50,000 రూపాయలదాకా తాకట్టు లేకుండా ఇస్తారు. మొదట కొనవలసినది డ్రిల్లింగు మెషీను కాదు, మంచి మెగ్గరు. మీరు చేసిన పని నాణ్యతను ఇంటివారి ముందు అంకెల్లో చూపించగలిగిన రోజున బేరం మీ చేతిలో ఉంటుంది.

(వచ్చే వారం: కుళాయిల పని, పైపుల పని)